ఏడు ముక్కల చెట్టు: సనత్‌నగర్ నుంచి పంజాగుట్ట దాకా

మా హాస్టల్ అమ్మాయిలు నాలుగు రోజులు సెలవు దొరికితే అరకు వెళ్తారు, షిర్డీ వెళ్తారు, వచ్చాక మంచం మీద ఫొటోలు పరుస్తారు. కిందటి ఏప్రిల్లో మూడు రోజులు క్లాసులు మానేసి నేను చేసిన ప్రయాణానికి ఫొటో ఒక్కటి కూడా లేదు. నేను వెళ్ళింది సనత్‌నగర్ నుంచి పంజాగుట్టకి. సిటీ బస్సులో అయితే కిటికీ పక్క సీటు దొరికేలోపే దిగాల్సి వస్తుంది. మాకు మూడు రోజులు పట్టింది, తోపుడు బండి వెనక నడిచాం కనక. రోజూ వేలమంది తిరిగే దారిని యాత్ర అనడానికి నాకే మొహమాటంగా ఉంది. అయినా బండి చక్రం వేగంతో ఆ దారి చూసినవాళ్ళు ఎక్కువమంది ఉండరని రాస్తున్నాను.

బండి మీద ఉన్నది ఒక చెట్టు. కోట్ల ఏళ్ళ కిందట గోదావరి వైపు ఎక్కడో బురదలో కూరుకుపోయిన చెట్టు. నీళ్ళలో కరిగిన ఖనిజం కణం కణంగా లోపలికి చేరి, కట్టె ఆకారం కట్టెగానే ఉండి, కట్టె మాత్రం మిగలకుండా పోయింది. శిలాజం అంటారు.

మాది సామర్లకోట. డిగ్రీలో బాటనీ చదివాను. మా ల్యాబులో గాజు పలక మీద అలాంటి చెట్టు నుంచి కోసిన పల్చటి పొర ఒకటి ఉండేది. అందరూ రికార్డులో బొమ్మ వేసేసి వెళ్ళిపోయాక నేను మళ్ళీ మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళేదాన్ని. డిగ్రీ అయ్యాక అందరిలాగే అమీర్‌పేట వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరాను. నా మంచం కింద చెప్పుల పెట్టెలో అప్పటికి పద్నాలుగు రాళ్ళున్నాయి. వాటి సంగతి ఎవరికీ చెప్పలేదు.

సనత్‌నగర్, గురువారం

మా ఇన్‌స్టిట్యూట్ పాంప్లెట్లు సనత్‌నగర్‌లో ఒక చిన్న ప్రెస్సులో అచ్చవుతాయి. ఫీజు తగ్గిస్తారని నేను సగం పూట ఇన్‌స్టిట్యూట్ కౌంటర్లో కూర్చుంటాను. పాంప్లెట్లు తేవడం కూడా నా పనే. మార్చిలో ఒకరోజు అకాల వాన పడితే ప్రెస్సు పక్క ఫ్యాక్టరీ గేటు కింద నిలబడ్డాను. మూతపడిన ఫ్యాక్టరీ. లోపల గోడ వారగా, వేపచెట్టు కింద, పొడుగాటి రాతి దిమ్మ ఉంది. వాన తడికి దాని కొస మీద వలయాలు తేలాయి. ఒకదాని చుట్టూ ఒకటి, తేనె రంగువి, నల్లవి, మధ్యలో పక్కకి జరిగిన చిన్న బిందువు. వాన ఆగినా నేను అక్కడే ఉన్నాను.

కాపలా ఉన్నాయన పేరు నర్సింగం. ఇరవై రెండేళ్ళు ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టరుగా చేసి, అది మూతపడ్డాక దానికే వాచ్‌మన్ అయ్యాడు. ఏం చూస్తున్నానని అడిగాడు. చెట్టు అన్నాను. ఆయన వేపచెట్టు వైపు చూశాడు.

తర్వాత ఆయన చెప్పిన కథ ఇది. ఆయన పనిలో చేరిన వారమే బాయిలర్ కోసం వచ్చిన బొగ్గు లారీలోంచి ఈ దుంగ జారి పడింది. కాలదు, బరువు, అడ్డం; పగలగొట్టమని కొత్తవాడికి చెప్పారు. సమ్మెట పిడి విరిగింది గానీ రాయి పగల్లేదు. ముందే ఉన్న పగుళ్ళ దగ్గర మాత్రం ఏడు ముక్కలుగా విడిపోయింది. ఉన్న వరసలోనే గోడ పక్కకి దొర్లించారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పనివాళ్ళకి అదే బల్ల అయింది.

ఆ స్థలం అపార్ట్‌మెంట్లకి అమ్ముడయింది. శుక్రవారం కూల్చే మిషను వస్తుందని, ఈ రాయిని పునాదిలో వేస్తారని ఆయనే చెప్పాడు. పంజాగుట్టలో ఒక కాలేజీలో బాటనీ చెప్పే సుశీల మేడం అప్పటికే నా ఉత్తరం చదివి వచ్చి చూసి వెళ్ళారు. కాలేజీ తోటలో పెట్టించడానికి ప్రిన్సిపల్ని ఒప్పించారు. శనివారం మేస్త్రి వచ్చి సిమెంటు దిమ్మ మీద అతికిస్తాడు. ఆ తర్వాత వేసవి సెలవులు. తీసుకెళ్ళడం నా పూచీ. ఫ్యాక్టరీ తాలూకు సూపర్‌వైజరు ఫోన్లో, ఆ చెత్త ఎవరు తీసుకుపోయినా అభ్యంతరం లేదన్నాడు.

పది అడుగుల పైన పొడవు, అడుగు మందం. ఒక్కో ముక్క ఎత్తడానికి ఇద్దరు కావాలి. నేను ముందు చేసిన పని చీటీలు అంటించడం. నా పాత బాటనీ పుస్తకంలో ముక్క మీద తెల్ల రంగు చుక్క పెట్టి దాని మీద సిరాతో అంకె వేయమని ఉంది. రాయికి మచ్చ పడుతుందని నాకు మనసొప్పలేదు. పాంప్లెట్ల వెనక ఖాళీగా ఉంటుంది కదా, వాటి మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, ఏ కొస పైకో బాణం గుర్తు వేసి, ఇన్‌స్టిట్యూట్ పోస్టర్లు అంటించే మైదా జిగురుతో అంటించాను. గట్టిగానే అంటుకున్నాయి.

డైరీలో బొమ్మ వేయాల్సింది. బండి మనిషీ, ప్రెస్సువాళ్ళూ చుట్టూ నిలబడి చూస్తుంటే చెయ్యి ఆడలేదు. ఆ రోజు రాసుకున్నది రెండు పేజీలు ఉంది. ఇప్పుడు చదివితే నా కంగారు తప్ప అందులో ఏమీ లేదు. రాయి గురించి ఒకటే వాక్యం: "పైన నూనె మరకలు, సున్నం, మసి. కడగాలి."

ఎస్సార్ నగర్ ఎత్తు

బండి యాదగిరిది. దేవరకొండ వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి. మూడు ముక్కలు ఒక విడత, నాలుగు ముక్కలు ఒక విడత, గురువారం మధురానగర్ దాకా, శనివారం అక్కణ్ణుంచి పంజాగుట్టకి అని ఒప్పందం. శుక్రవారం ఆయన మేనకోడలి పెళ్ళి. మధ్యలో దించుకోడానికి మా హాస్టల్ వెనక చోటుంది.

గోనె సంచులు పరిచి, మధ్యలో వరిగడ్డి కూరి కట్టాం. నేను పక్కన నడుస్తానంటే ఆయన ఒప్పుకోలేదు, నడిస్తే వెనక నుంచి తొయ్యాలన్నాడు. తోశాను. రోడ్డు కొంచెం పైకి లేచిన చోట నా చున్నీ కొస చక్రంలో పడి మెడ దాకా లాగింది. ఆయన బండి ఆపి, చున్నీ విడిపించి, దాన్ని నా నడుముకి బిగించి కట్టుకోమన్నాడు. అలా నడుముకి చున్నీ కట్టుకుని రోడ్డు మీద ఎప్పుడూ నడవలేదు. మా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళెవరూ కనపడకూడదని దండం పెట్టుకున్నాను. ఇద్దరు కనపడ్డారు. ఇద్దరూ నన్ను గుర్తుపట్టలేదు.

ఎత్తు ఎక్కాక ఇరానీ హోటల్ దగ్గర ఆగాం. మా వైపు ఆడపిల్ల టీ కొట్టు ముందు నిలబడదు. ఇంట్లో తాగుతుంది, లేదా మానేస్తుంది. ఇక్కడికి వచ్చి ఏడాదైనా నేను ఇరానీ హోటల్లోకి అడుగు పెట్టలేదు. యాదగిరి లోపలికి వెళ్ళి కూర్చుని, బయటే నిలబడ్డ నన్ను చూసి, ఎదురు కుర్చీ కాలితో జరిపాడు. టీ నాలుగు రూపాయలు, ఉస్మానియా బిస్కెట్టు రూపాయి. టీ సాసర్లో ఒంపుకుని చప్పుడు చేస్తూ తాగాడు. సామర్లకోటలో టీ అంటే అల్లం ముక్క, పల్చగా. ఇది చిక్కగా, తియ్యగా, అడుగున ఉప్పదనంతో ఉంది. రెండోది కూడా తాగాను.

"సాఫ్ట్‌వేరమ్మా," అన్నాడు. అప్పటికే నాకు ఆ పేరు పెట్టేశాడు. "గిది చెట్టే అంటవ్. మరి దీని కాయలు యాడ?"

కాయలు కాసే చెట్లు అప్పటికింకా పుట్టలేదని చెప్పాను.

"కాయల్లేవు, పిట్టల్లేవు. ఎవరి కోసం పెరిగినట్టు మరి?"

ఆ ప్రశ్న డైరీలో రాసుకున్నాను.

మధురానగర్, హాస్టల్ వెనక

మా వార్డెన్ ఆంటీది భీమవరం. రెండో విడత ముక్కలు దించుతుంటే మెట్ల మీద నిలబడి చూసింది. "ఏంటమ్మా సుధా, అందరూ ఇంటి నుంచి సున్నుండలు తెచ్చుకుంటారు, నువ్వు గుండ్రాళ్ళు తెచ్చుకున్నావేంటి?" అంది. రెండు రోజులేనండి అన్నాను. మోటారు పక్కన, బట్టలుతికే చోట పెట్టుకోమంది. చోటు ఇరుకు. యాదగిరి వీలైనచోట వీలైనట్టు దించేసి వెళ్ళాడు. చీటీలున్నాయి కదా అని నేను పట్టించుకోలేదు.

సాయంత్రం ఇంకా వెలుతురుండగా బట్టల సబ్బు పొడి, ఇనుప బ్రష్షు పట్టుకుని కూర్చున్నాను. కాలేజీలో పెట్టే వస్తువు శుభ్రంగా ఉండాలనుకున్నాను. చీటీలు తడవకుండా రెండు ముక్కలు కడిగాను. పైన పొరలు పొరలుగా ఉన్న జిడ్డు వదిలి కింద నుంచి మెరిసే గోధుమరంగు బయటికి వచ్చింది. చాలా సంతోషపడ్డాను. మూడోది మొదలుపెట్టేసరికి నీళ్ళు ఆగిపోయాయి. హాస్టళ్ళలో నీళ్ళు ఆగిపోవడం గురించి నేనెప్పుడూ మంచిమాట రాయలేదు. ఆ రోజుకి మాత్రం రాస్తున్నాను.

శుక్రవారం పొద్దున్న పళ్ళు తోముకోవడానికి కిందికి వచ్చాను. పాలవాడు గేటు తీసి వదిలేసినట్టున్నాడు. నా చెట్టు దగ్గర ఒక ఆవు నిలబడి ఉంది. పెద్ద నాలుకతో రాయిని నెమ్మదిగా, శ్రద్ధగా నాకుతోంది. అమీర్‌పేటలో ఆవులు గోడల మీద పోస్టర్లు పీక్కుని తినడం రోజూ చూస్తాను; మైదా కోసం తింటాయి. చూస్తూ కూడా నాకు తట్టలేదు. నేను చేరేసరికి దాని మూతి నుంచి పసుపు కాగితం ముక్క వేలాడుతోంది. "ఉద్యోగం గ్యారంటీ" వరకు కనిపించింది. తర్వాత అది కూడా లోపలికి పోయింది.

ఏడు చీటీలూ లేవు.

మధురానగర్, శుక్రవారం మధ్యాహ్నం దాకా

చెదిరిన ముక్కలు అతికితే తెలిసిపోతుంది కదా అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ పగుళ్ళు దాదాపు నున్నగా, కత్తితో కోసినట్టున్నాయి. అంచులు ఇరవై ఏళ్ళ వాడకానికి అరిగిపోయాయి. ఏ ముక్క ఏ ముక్క పక్కన పెట్టినా కొంచెం కుదిరినట్టే ఉంటుంది. మొదలు వైపు లావు, చివర వైపు సన్నం అన్నది నిజమే గానీ ముక్కకీ ముక్కకీ తేడా వేలెడు కూడా లేదు. పుస్తకంలో చూసిన ఉపాయం గుర్తొచ్చి కొసల మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాను. వలయాలు, మధ్య బిందువు కాగితం మీదికి వచ్చాయి. బొమ్మ బాగా వచ్చింది, కడిగిన రెండింటికి మాత్రమే. మిగతావాటికి జిడ్డు మీద పెన్సిలు జారిపోయింది.

పదకొండింటికి రూపాయి బిళ్ళ ఫోను నుంచి సుశీల మేడంకి చేశాను. జరిగింది చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. అంతకంటే కష్టంగా ఉంది ఆవిడ గొంతు.

"వరస తెలిస్తే అది చెట్టు, సుధా. తెలియకపోతే ఏడు రాళ్ళు. రేపు సిమెంటు పడ్డాక మన తప్పు మనవాళ్ళ పిల్లలు కూడా చదువుతారు. తెలియకుండా పెట్టడం కంటే పెట్టకపోవడం నయం."

ఆ వరస చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. బస్సెక్కి సనత్‌నగర్ వెళ్ళాను. గేటు లేదు. గోడ లేదు. మిషను వేపచెట్టు దాకా వచ్చి ఆగి ఉంది. కూలీలకి నర్సింగం ఎవరో తెలియదు. ప్రెస్సులో కంపోజింగ్ చేసే ఆయన, నర్సింగం ఇల్లు కృష్ణానగర్‌లో అని, చిన్న మసీదు దాటాక ఇస్త్రీ బండి పక్క సందు అని చెప్పాడు.

కృష్ణానగర్

నేను తెలియనివాళ్ళ ఇంటి తలుపు కొట్టడం అది మొదటిసారి. సందు మొదట్లో పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకాయన మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయ నంజుకుని అన్నం తింటున్నాడు. అడగడానికి భయపడి రెండుసార్లు ముందు నుంచి వెళ్ళాను. మూడోసారి ఆయనే పిలిచాడు. భుజం మీద నక్షత్రాలు అట్టముక్కలు. సినిమా వేషం; షూటింగ్‌లో మధ్యాహ్నం తిండి సరిగా ఉండదని ఇంటికొచ్చి తిని పోతున్నాడట. ఆ డ్రెస్సులో ఉన్నంతసేపూ కూరగాయలామె ఎక్కువ వంకాయలు వేస్తుందని చెప్పి, నర్సింగం ఇల్లు చూపించాడు.

నర్సింగం ఇంట్లో లేడు. ఆయన భార్య మిషను కుట్టుకుంటోంది. ఇంకో చోట వాచ్‌మన్ పని ఉందంటే మియాపూర్ పోయిండనీ, ఎప్పుడొస్తడో తెల్వదనీ చెప్పింది. నేను వెళ్ళబోతుంటే కూర్చోమంది. మా వైపు ఇంటికొచ్చినవాళ్ళకి మజ్జిగ ఇస్తాం. ఆవిడ తిన్నవా అని అడిగి, లేదనకముందే జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా ఇంట్లో చారు కాస్తారు, పొయ్యి ఎక్కని చారు నేనెప్పుడూ తాగలేదు. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, చింతపండు, చల్లగా. పొద్దుటి నుంచి ఏడవకుండా ఉన్నదాన్ని అది తింటూ ఏడ్చాను. కారం అని ఆవిడ అనుకుంది. బెల్లం ముక్క ఇచ్చింది.

కాలేజీ పేరు, గుర్తులు ఒక పాంప్లెట్ వెనక రాసిచ్చాను. "రేపు పన్నెండు లోపల. రాయి వరస మీకే తెలుసు" అని రాశాను. ఆవిడకి చదువు రాదు. చదివి వినిపించమంటే వినిపించాను. రాసినప్పటి కంటే చదివినప్పుడు చాలా పెద్ద కోరికలా అనిపించింది. రోజు కూలి పోగొట్టుకుని ఎవరు వస్తారు, రాయి కోసం?

అమీర్‌పేట, శనివారం

మొదటి విడత తెల్లవారగానే, బస్సులు మొదలవకముందే దాటించాం. రెండో విడతకి ఎండెక్కింది. మైత్రీవనం మలుపు దగ్గర పాంప్లెట్లు పంచేవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు. వాళ్ళ మధ్య నుంచి చేతులు నిండకుండా వెళ్ళడం కుదరదు. నాకు మూడు కోర్సులు ఇచ్చారు. యాదగిరికి కూడా రెండిచ్చారు. ఆయన బండి ఆపకుండానే నన్ను చదవమన్నాడు. చదివాను.

"పదో తరగతి లేకున్నా నేర్పిస్తరా?"

డిగ్రీ ఉండాలన్నాను.

"డిగ్రీ ఉన్న నువ్వు రాళ్ళు తోస్తున్నవ్. ఇగ నేను నేర్సుకొని ఏం జేస్త?" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంట్లో అలమర్లో పరుచుకోడానికి.

ట్రాఫిక్ పోలీసు ఆపాడు. బండిని పక్కకి తీయమని, ఏమిటది అని అడిగాడు. యాదగిరి నా వైపు చూశాడు. గట్టిగా మాట్లాడాల్సి వస్తే నాకు గొంతు పెగలదు. ఇంటర్వ్యూల్లో రెండుసార్లు అందుకే పోయింది. పోలీసు చెవి దాకా వినపడేలా, చెట్టు సార్, కాలేజీకి తీసుకెళ్తున్నాం అన్నాను. గోనె పక్కకి జరిపి కొస చూపించాను. ఆయన టోపీ తీసి చెమట తుడుచుకుని, బాటిల్లో నీళ్ళు కొంచెం దాని మీద పోశాడు. వలయాలు తేలాయి. వేలితో లోపలి నుంచి బయటికి లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఇరవై దాటాక వెనక హారన్లు విని వదిలేసి, అటువైపు బస్సుల్ని ఆపి మమ్మల్ని దాటించాడు.

పంజాగుట్ట

ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ములో బండి ఈడ్చుకుంటూ కాలేజీ గేటు చేరేసరికి పన్నెండు అవుతోంది. తోటలో సిమెంటు దిమ్మ కట్టి ఉంది. మేస్త్రి ఇసుక జల్లెడ పట్టుకుంటున్నాడు. సుశీల మేడం గోడకి ఆనించిన బోర్డు చూశాను. ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు: "శిలాజ వృక్షం. తాకరాదు. కూర్చోరాదు."

గేటు లోపల, గోడ నీడలో, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నర్సింగం ఉన్నాడు. పదింటికే వచ్చాడట. నేను వచ్చేదాకా తోటలోకి రానన్నాడట.

ఆవు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. ముక్కలన్నీ దిమ్మ పక్కన దించాక ఒక్కో దాని దగ్గరా గొంతుక్కూర్చుని, అరచేత్తో పైభాగం తడిమాడు.

"గిది గేటు దిక్కు. మా ఫ్యాక్టరీ మేస్త్రిది. పాన్ తిని సున్నం వేలు గీ కిందనే తుడుస్తుండె. సచ్చిపోయిండు మొన్న దీపావళికి."

తెల్లటి పొర, గచ్చులా గట్టిపడి ఉంది. నేను డైరీలో కడగాలని రాసుకున్న సున్నం.

తర్వాతది ఖాజా భాయ్‌ది. ఉల్లిపాయలు కోసే కత్తి దాని మీదే నూరేవాడట, నల్లటి గీతలు అవే. ఆయన జహీరాబాద్ వెళ్ళిపోయాడు. మూడోది బీడీ మసి ఉన్నది. నూనె ఇంకినది లేతు మిషను డేవిడ్‌ది, ఐదోది. ఎర్ర రంగు చుక్కలున్నది అన్నిటికంటే చివర, పెయింటింగ్ హెల్పర్ది. ఎవరి చోటు వాళ్ళదే, ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మారలేదని చెప్పాడు. ముందు చేరినవాళ్ళు గేటు వైపు, తర్వాత వచ్చినవాళ్ళు ఆ తర్వాత. ఎవరైనా మానేస్తే ఆ చోటు ఖాళీగానే ఉంచి తినేవాళ్ళు.

నాలుగోది, ఆరోది మిగిలాయి. మెరుస్తున్న రెండు ముక్కలు. నేను కడిగినవి.

ఆయన ఒకదాని మీద చెయ్యి వేశాడు. రెండోదాని మీద వేశాడు. ఒకదాని మీద కూర్చుని, లేచి, రెండోదాని మీద కూర్చున్నాడు.

"నాలుగోది నాదే," అన్నాడు. "గిండ్ల టిఫిన్ డబ్బ మరక ఉంటుండె, గుండ్రంగ. ఇప్పుడు ఏది నేనో నాకే ఎర్కలేదు బిడ్డా. నన్నే కడిగేసినవ్."

ఎగతాళిగానే అన్నాడు. యాదగిరి నవ్వాడు కూడా. సుశీల మేడం నా చేతిలో కాగితాల చుట్ట వైపు చూశారు. అప్పుడు గుర్తొచ్చింది, శుక్రవారం రుద్దిన కాగితాలు. రెండింటివీ, నాలుగు కొసలవీ ఉన్నాయి.

డేవిడ్ ముక్క ఐదోది అని తెలుసు. దాని రెండు కొసలూ తుడిచాను, చున్నీ కొసతో, కొసలు మాత్రమే, పైన ముట్టుకోకుండా. గేటుకి అవతలి వైపుదని నర్సింగం చూపించిన కొస మీద వలయాలు ఒకచోట వంగి, కన్నులా చుట్టుకున్నాయి. కొమ్మ మొలిచిన చోటు. అది సగంలో తెగి ఉంది. మిగతా సగం నా కాగితాల్లో ఒకదాని మీద ఉంది. నిన్నంతా అది పెన్సిలు తప్పనుకున్నాను. కాగితం తీసుకెళ్ళి ఆ కొసకి పెట్టాను. కన్ను నిండింది.

"ఇది ఆరోది," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "అయితే మీది అదండి."

యాదగిరి, మేస్త్రి కలిసి ముక్కల్ని ఒక్కొక్కటే దిమ్మ మీదికి ఎక్కించారు. సిమెంటు ఇంకా కలపలేదు. పది అడుగుల చెట్టు, మొదలు నుంచి చివర దాకా, మధ్య బిందువు ఒకే గీతలో నడిచింది. మేస్త్రి టైము చూసి, బుక్కెడు తినొచ్చి కలుపుతానన్నాడు.

నర్సింగం ఎవరినీ అడగలేదు. వెళ్ళి నాలుగో ముక్క మీద కూర్చుని డబ్బా మూత తీశాడు. మేస్త్రి తన మూట తెచ్చుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడితే ఐదోది చూపించాడు. యాదగిరికి ఆరోది. మొదటి మూడూ ఖాళీగా ఉంచాడు.

సుశీల మేడం బోర్డు పట్టుకుని వస్తున్నారు. తన శిలాజ వృక్షం మీద ముగ్గురు కూర్చుని అన్నం కలుపుకోవడం చూసి ఆగారు. ఆవిడ బోర్డుని అక్షరాలు గోడ వైపుకి తిప్పి, నెమ్మదిగా ఆనించారు.

"కానివ్వండి. భోజనాలయ్యాక పెడదాం."

నేను పక్కన నిలబడి ఉన్నాను. నా చోటు ఏదని అడగడానికి నోరు రాలేదు. నర్సింగం ముద్ద నోట్లో పెట్టుకుంటూనే చేత్తో చివరి ముక్క చూపించాడు. కొత్తగా వచ్చినవాళ్ళది, సన్నటి కొసది, ఎర్ర చుక్కలున్నది. వెళ్ళి కూర్చున్నాను. ఎండకి రాయి వెచ్చగా ఉంది. ఆయన భార్య నాకని వేరే డబ్బాలో రొట్టె, నూనె తేలుతున్న మామిడి తొక్కు పంపింది. ఆ డబ్బా నర్సింగం నుంచి మేస్త్రికి, మేస్త్రి నుంచి యాదగిరికి, యాదగిరి నుంచి నాకు వచ్చింది.

రొట్టె తుంచుతుంటే తొక్కు నూనె ఒక చుక్క రాయి మీద పడింది. తుడవడానికి చున్నీ కొస తీసి, వదిలేశాను.